కమానులో బొటనవేలు

ఆ ఊళ్లో బస్సు దిగగానే ఎదురుగా ఒక పెద్ద బోర్డు కనిపిస్తుంది. పైన ‘చూడదగిన ప్రదేశాలు’ అని రాసి, కింద బాణాలు గీశారు. జలపాతం ఇటు, చెరువులో పడవలు అటు, పాత రాతి వంతెన ఇటు, కొండ మీద కోట అటు. ఊరికంటే బోర్డే పెద్దదని బస్సువాళ్లు వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. నాలుగు వీధులు, ఒక సంత, రెండు టీ కొట్లు, ఒక లాడ్జి. అంతే ఊరు.

సెలవు రోజుల్లో వచ్చిన జనం బోర్డులో ఉన్నవన్నీ చూస్తారు. జలపాతం కింద తడుస్తారు. వంతెన మీద ఫోటోలు దిగుతారు. చెరువులో పడవెక్కి పిక్కలు పట్టేసేదాకా తొక్కుతారు. ఇవన్నీ సుఖంగా ఉండే పనులు. కానీ మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడుతున్నా, ఆయాసపడుతూ కొండెక్కేది మాత్రం ఒక బొటనవేలి కోసం.

ఆ బొటనవేలు సున్నం మేస్త్రీది. ఆ సంగతి తెలిసినవాడు ఊళ్లో తనొక్కడేనని ఆయన నమ్మకం.

సున్నం మేస్త్రీకి ఆ పేరు ఎగతాళిగా వచ్చింది. మొదట ఆయన కూడా అందరిలాగే ఇటుకా సిమెంటూ పని చేసుకునేవాడే. ఒకసారి కోటగోడ కూలితే రాళ్లు ఎత్తడానికి కూలికి పిలిచారు. అక్కడ రాళ్ల సందుల్లోంచి రాలిన పాత సున్నం గడ్డ ఒకటి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. నీళ్లలో నానేశాడు. నలిపాడు. ఎండబెట్టి జల్లించాడు. ఇసుకెంత, ఇటుక పొడెంత, సున్నమెంత అని కుప్పలు పెట్టి చూసుకున్నాడు. మళ్లీ అలాంటిదే కలిపి పెరట్లో మోకాలెత్తు గోడ కట్టాడు. అది పగిలింది. ఇంకోటి కట్టాడు. అది బూజు పట్టింది. బట్టలుతికే రాయి చుట్టూ రకరకాల గోడలు లేచేసరికి, "ఇల్లు కడుతున్నావా, కోట కడుతున్నావా?" అని వీధివాళ్లు గోడమీంచి తొంగి చూసేవాళ్లు. భార్య మాత్రం బకెట్టు పట్టుకుని ఆ గోడల మధ్య దారి వెతుక్కుంటూ ఉతికేది.

ఎవరూ నేర్పలేదు. అందుకే నేర్చుకున్నదాని మీద ఆయనకి అంత గీర. ఆయన పనికి ఆయన పెట్టుకున్న కొలత ఒక్కటే: అతుకు కనబడకూడదు. పాత గోడలో తను పెట్టిన రాయి ఏదో తనే రేపొచ్చి వెతుక్కోవాలి. అలా వెతుక్కుని, కనబడక, పళ్లు బయటపెట్టి నవ్వుకున్న రోజులున్నాయి.

కొండ దారిలో సగం ఎక్కాక ఒక మందపాటి గోడ అడ్డం వస్తుంది. గోడలో కమాను. దాని కిందనుంచే దారి. ఒక వానాకాలంలో, ఊరివాళ్లెవరూ కొండ వైపు పోని రోజుల్లో, ఆ కమాను కూలింది. మళ్లీ నిలబెట్టే పని సున్నం మేస్త్రీకి వచ్చింది. పడ్డ రాళ్లకి బొగ్గుతో గుర్తులు పెట్టుకున్నాడు. ముక్కలైపోయిన వాటి బదులు అదే కొండ రాయి తెచ్చి, పాత ఉలి గాట్లు ఎంత వెడల్పున్నాయో అంత వెడల్పు ఉలి అరగదీసి చెక్కాడు. పాత కట్టడాల ఆఫీసునుంచి వచ్చిన ఇంజనీరు, "మేస్త్రీ, కొత్త రాళ్లు ఒక వెంట్రుకవాసి లోపలికి పెట్టు. పాతదేదో కొత్తదేదో చూసేవాళ్లకి తెలియాలి. అదీ పద్ధతి" అన్నాడు. మేస్త్రీ తలూపాడు. తలూపి, పాతదానితో సమానంగా పెట్టాడు. దర్జీని పిలిచి, బట్ట బాగా కుట్టు కానీ కుట్టు కనబడేలా కుట్టు అన్నట్టనిపించింది ఆయనకి. ఆ ఇంజనీరు బదిలీ అయిపోయాడు. తరవాత వచ్చినవాడు కమాను చూసి, "ఇది పాతదే కదా" అన్నాడు. ఆ వారమంతా మేస్త్రీ ఒళ్లు తేలిపోయింది.

పని ముగించిన రోజు, కమాను లోపలి పక్కన గుండెల ఎత్తులో ఒక సందుని సున్నంతో నింపి బొటనవేలితో నొక్కాడు. ఆయన కుడి బొటనవేలు ఎప్పుడో రాయి కింద పడి నలిగింది. కొస బయటికి వంకర. గోరు మధ్యలో చీలిక. సున్నంలో ఆ వంకరా, ఆ చీలికా దిగాయి. తుడిచేద్దామనుకున్నాడు. తుడవలేదు. ఒక్క వేలేగా, ఎవడు చూస్తాడులే అనుకున్నాడు.

చూసేవాడు వచ్చాడు. ఆ వచ్చినవాడు ఎవడో కాదు, తోడల్లుడు.

మేస్త్రీ భార్య చెల్లెల్ని చేసుకున్నవాడు ఊళ్లోకి వచ్చే బస్సుల్లో ఒకదానికి కండక్టరుగా ఉండేవాడు. ఆ రూటు బస్సు ఆపేశారు. ఉద్యోగం పోయింది, గొంతు మిగిలింది. ఆ గొంతుతో కోట చూపించడం మొదలుపెట్టాడు. అందరికీ వాడు ఇప్పటికీ కండక్టరే. జనాన్ని కమాను కిందకి తోసేటప్పుడు కూడా, "ముందుకు జరగండి, ముందుకు జరగండి, లోపల చాలా చోటుంది. గుమ్మంలో నిలబడకండి సార్, ఫుట్‌బోర్డు ప్రమాదం" అంటాడు. జనం నవ్వుతారు. నవ్వుతున్నవాళ్లని పట్టుకుని కథ మొదలుపెడతాడు.

ఆ కథేమిటో సున్నం మేస్త్రీకి మొదట ఇంట్లోనే తెలిసింది. ఒక ఆదివారం అక్కాచెల్లెళ్లు సరదాగా కొండెక్కి వచ్చారు. మేస్త్రీ పెరట్లో ఉలి నూరుకుంటున్నాడు. భార్య కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాడు.

"ఏడ్చింది బావగారూ" అంది మరదలు, అదేదో తన ఘనతన్నట్టు. "మా ఆయన కథ విని అక్కడే ఏడ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అక్కని చూసి ఏడ్చారు."

"ఏం కథ?"

"మీకు తెలీదా? రోజూ ఆ కొండ మీదే ఉంటారు!" అని మరదలు మొగుడి గొంతు అరువు తెచ్చుకుని చెప్పింది. ఒకానొక రాజు ఈ గోడ కట్టించాడట. కట్టినవాడు ఒక రాతిపనివాడు. మొండిమనిషి, నోట్లోంచి మాట రాలదు. వాడి భార్య రోజూ ఎండలో కొండెక్కి అన్నం తెచ్చేది. నిలబడడానికి చారెడు నీడ లేదు. రాజు చెప్పకపోయినా వాడు గోడ మందం పెంచి కమాను తిప్పాడు. ఎందుకిది అని రాజు అడిగితే, "కోట మీకు కట్టాను. ఈ నీడ మాత్రం ఆమెకి కట్టాను" అన్నాడట. రాజుకి ఒళ్లు మండి వాడి వేలిమీద రాయి వేయించాడు. నలిగిన ఆ వేలితోనే వాడు చివరి సందు నొక్కాడు. మొగుడూ పెళ్లాం ఒకరి తరవాత ఒకరు అందులో వేలు పెడితే ఎన్నటికీ ఎడబాటు ఉండదు.

మేస్త్రీ చేతిలో ఉలి ఆగిపోయింది.

"నువ్వూ వేలు పెట్టావా?" అన్నాడు భార్యతో.

"పెట్టాను."

"ఎలా ఉంది?"

"పాపం అనిపించింది."

"ఎవరు పాపం?"

"ఆయనే."

"ఏ ఆయన?"

"ఆయనేనండీ, ఆ కమాను కట్టినాయన."

ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ‘ఆయన’ అంటే ఒక్కడే. పాలవాడొచ్చినా, పక్కింటావిడ అడిగినా, "ఆయన లేరు, ఆయనకి చెప్తాను, ఆయన ఒప్పుకోరు" అనేది ఆమె. ఇప్పుడు ఇంట్లోకి రెండో ఆయన వచ్చి కూర్చున్నాడు. వాడు తినడు, తాగడు, గుర్రుపెట్టడు, పెరట్లో గోడలు కట్టడు. పైగా పెళ్లాం మీద ప్రేమ. అలాంటివాడితో ఎవడు పోటీపడగలడు?

"ఆ నలిగిన వేలు ఎంత సలిపిందో ఆయనకి" అంటూ ఆ సాయంత్రం ఆమె చెంబుతో నీళ్లు పోస్తుంటే, మేస్త్రీ తన వంకర బొటనవేలిని ఆ నీళ్ల కిందే కడుక్కున్నాడు. ఆమె చూసిందా అంటే చూసింది. చూసి, ఇంకా నీళ్లు కావాలా అని అడిగింది.

ఆనాటినుంచి మేస్త్రీ మనసు కుదుటపడలేదు. కోటలో అవతల గోడ మరమ్మతు చేస్తూ చెవులు ఇటు పెట్టేవాడు. కండక్టరు గొంతు పైకి లేస్తుంది, ఆగుతుంది. ఇప్పుడు రాజు వచ్చాడు. ఇప్పుడు రాయి పడింది. ‘అయ్యో’ అని ఆడవాళ్ల గొంతులు. నిజంగా ఆ వేలిమీద రాయి పడిననాడు ‘అయ్యో’ అన్నది ఒక్క మనిషి లేడు. "చూసుకుని పెట్టుకోవద్దా" అన్నారు.

టీ కొట్టు దగ్గర ఇంకా అన్యాయం. "ఏం మేస్త్రీ, ఆ పాతాయన లాంటి పనివాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" అన్నాడు టీ కొట్టతను గ్లాసు అందిస్తూ. "ఆ కమాను చూడు, అన్ని వానలు తిన్నా చెక్కుచెదరలేదు. ఇప్పటివాళ్లు కట్టిన మా వంటిల్లు చూడు."

"మీ వంటిల్లు నేను కట్టలేదు" అన్నాడు మేస్త్రీ.

"నిన్నెవరన్నారు? ఇంతకీ నువ్వు కొండమీద చేసిన పని ఎక్కడుంది మేస్త్రీ? ఎప్పుడూ చూపించవు."

"కనబడదు" అన్నాడు మేస్త్రీ. పదేపదే గర్వంగా చెప్పుకున్న మాటే. పక్కన కూర్చున్నవాడు, "కనబడని పని చేయడం నాకూ వచ్చు" అనేసరికి కొట్టంతా నవ్వింది. మేస్త్రీ టీ సగంలో వదిలేసి లేచాడు.

ఇక ఊరుకుంటే లాభం లేదనుకున్నాడు. ఆయనకి కావలసింది పెద్దదేమీ కాదు. దండ వద్దు, బోర్డు మీద పేరు వద్దు. ఆ కమాను కట్టింది ఫలానావాడని తన భార్యకి తెలియాలి. రెండో ఆయన్ని ఇంట్లోంచి గెంటెయ్యాలి. దానికి మాటలతో పనేముంది? వేలుంది కదా. అందరిముందూ గుంటలో వేలు పెడితే అచ్చులో పోసినట్టు కూర్చుంటుంది. అప్పుడు వెనక్కి తిరిగి ఒక్క మాట అనాలి: "ఈ వేలు నాది." కొండెక్కినంతసేపూ ఆ మూడు ముక్కలే నోట్లో నలిపాడు. మాట్లాడే అలవాటు లేనివాడికి మూడు ముక్కలూ బరువే. ఊరు మాట ఊరే మోసుకుపోయి భార్య చెవిలో వేస్తుంది, అది వేరే చెప్పక్కర్లేదు.

ఉతికిన చొక్కా వేసుకుని చూడడానికి వచ్చినవాడిలా వరసలో నిలబడ్డాడు. ముందు కొత్తగా పెళ్లయిన జంట. వాళ్ల వెనక మోకాళ్ల నొప్పుల ముసలావిడ. కండక్టరు ఆయన్ని చూశాడు. కళ్లు పెద్దవి చేశాడు. కథ మాత్రం ఆపలేదు.

మేస్త్రీ వంతు వచ్చింది. వేలు పెట్టాడు.

వేలు కూర్చోలేదు. ఇంకొకడి చెప్పులో కాలు పెట్టినట్టు అటూ ఇటూ ఆడింది. ఎన్ని వేళ్లు దిగాయో ఆ గుంటలో! వంకర పోయింది. గోరు చీలిక పోయింది. నున్నగా, గిన్నెలా, ఎవరి వేలైనా పట్టేలా అయిపోయింది. మేస్త్రీ తిప్పి చూశాడు. వంచి చూశాడు. ఊహూ.

"పెద్దాయనా, అయిందా? వెనక మేమున్నాం" అంది ఎవరో అమ్మాయి.

"ఈయన వేలు చిన్నదండీ, పట్టలేదు" అని వివరించాడు ఇంకొకడు.

"అందరి వేళ్లూ ఆ మహానుభావుడి వేలంత ఉంటాయా బాబూ?" అంటూ కండక్టరు అలవాటు కొద్దీ అందుకున్నాడు. "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి!"

జనం నవ్వారు. మూడు ముక్కలూ నోట్లోనే ఉండిపోయాయి. మేస్త్రీ ముందుకు జరిగాడు.

గుంపు దిగిపోయేదాకా పనిముట్ల గదిలో కూర్చున్నాడు. గది ఇరుకు. ఒకవైపు సున్నం తొట్టి, ఒకవైపు గోనె సంచులు, చెక్కలు, తాళ్లు. కండక్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఎవడా మహానుభావుడు?" అన్నాడు మేస్త్రీ.

"కోప్పడకు అన్నయ్యా. నువ్వు వరసలో కనబడేసరికి నా గుండె ఆగినంత పనైంది. నాలుక మాత్రం ఆగలేదు. అది నా చేతిలో లేదు."

"ఆ కమాను ఎవడు కట్టాడో నీకు తెలుసా?"

"తెలుసు."

మేస్త్రీ తలెత్తాడు.

"ఉద్యోగం పోయిన కొత్తలో తోచక ఈ కొండమీదే తిరిగేవాణ్ని కదా. నువ్వు పైన కూర్చుని ఒకే రాయి పెట్టి, తీసి, తిప్పి, మళ్లీ పెట్టి... నన్ను చూడను కూడా లేదు. నేను పొద్దంతా చూశాను."

"తెలిసీ చెప్పలేదా? తెలిసీ ఎవడో రాజుల కాలంవాడికి కట్టబెట్టావా?"

"చెప్పాను అన్నయ్యా! మొదటిసారి వచ్చిన గుంపుకి ‘ఇది ఈమధ్యనే కట్టారండీ’ అన్నాను. నువ్వు అవతల గోడమీద ఉన్నావు. దిగొచ్చి నన్నేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ‘కొత్తదని నీకెవడు చెప్పాడు? నీ కంటికి అతుకు కనబడిందా?’ అని అరిచాడు. జనం ముందే అరిచాడు.

"సరే, నీ మాటే ఖాయం చేశాను. పాతదైంది" అన్నాడు కండక్టరు. "పాతదైతే కట్టినవాడొకడు ఉండాలిగా, జనం అడుగుతారు. ఎవణ్ని తెచ్చేది? నాకు తెలిసిన మేస్త్రీ ఒక్కడే. మొండిమనిషి. నోట్లోంచి మాట రాలదు. రాజుగారొచ్చినా పని దిగడు. వేలు వంకర. అంతా నిన్నే దించాను. నీ దగ్గర దొరకని ముక్క ఒక్కటే, అది నేను కలిపాను."

"ఏ ముక్క?"

కండక్టరు మాట తడుముకోవడం మేస్త్రీ చూడడం అదే మొదలు.

"నీడ ముక్క" అన్నాడు. "వదిననే అడుగు."

మేస్త్రీ ఇంటికి వచ్చేసరికి ఆమె గట్టు మీద కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. అది ఆయన చొక్కాయే.

"ఆ కమాను నేను కట్టాను" అన్నాడు, చెప్పులు విడవకుండానే.

"తెలుసు."

"ఆ వేలు నాది."

"తెలుసు." దారం కొరికింది. "మీ కుడి బొటనవేలి గోరు మీరు కత్తిరించుకోలేరు, ఎడంచేత్తో చీలిక పట్టు దొరకదు. ఇన్నేళ్లూ కత్తిరిస్తున్నది నేను. ఆ గుంటలో వేలు పెట్టగానే తెలియదా? అప్పటికింకా వంకర ఉంది."

"మరి ‘ఆయన ఆయన’ అని నన్ను చంపావే!"

"తప్పా? కట్టిందీ ఆయనే, వేలూ ఆయనదే."

"మరి ఏడుపెందుకు వచ్చింది? కథలో ఉన్నది నేనే అయితే, ఎదురుగా ఉన్న నన్ను చూసి ఎప్పుడూ రాలేదే?"

ఆమె చొక్కా మడత పెట్టింది. మడత విప్పి మళ్లీ పెట్టింది.

"ఆ కమాను కడుతున్నన్నాళ్లూ ఆ ఎండలో క్యారేజీ పట్టుకుని ఎక్కింది నేను, అదైనా మీకు గుర్తులేదు. మీరు వెనక్కి తిరిగి చూడకుండా ‘అక్కడ పెట్టు’ అనేవారు. మీరు తినేదాకా ఎండలో నిలబడి, గిన్నెలు తీసుకుని దిగేదాన్ని. కమాను లేచి, కింద అంత నీడ పడ్డాక కూడా ‘ఇలా రా, ఇక్కడ నిలబడు’ అని ఒక్కసారి అన్నారా? అతను అన్నాడు. రాజు ముందర అన్నాడు."

"అతనెవడు? లేనివాడు. మీ మరిది కల్పించాడు."

"కల్పించినా సరే, అన్నాడుగా. ఆ ఒక్క మాటకి ఏడ్చాను. పోనీ లేనివాడేగా, లేని మనిషి మీద కుళ్లేమిటండీ మీకు?"

ఇంతకాలం తన పని ఇంకొకడి పేరు మీద పోయిందని మండిపడ్డాడు. పని పోలేదు, అది ఆమెకి మొదటినుంచీ తెలుసు. పోయింది వేరే. తన ముఖం, తన మొండితనం, తన వంకర వేలు వేసుకున్నవాడొకడు, తను అనని మాట అనేసి, తన భార్య చేత కన్నీళ్లు పెట్టించుకుపోయాడు. ఎవడో పరాయివాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. తనలాగే ఉండి తనకంటే మంచివాడైతే ఏం చెయ్యాలి?

ఆ వానాకాలం కోట దారి మూసేశారు. జనం వేళ్లకి గుంట అరిగిందే కాక, చుట్టూ సున్నం కూడా రాలడం మొదలుపెట్టింది. ఆఫీసునుంచి ఒకాయన గొడుగేసుకుని వచ్చి చూసి, "ఆ సందు గీకేసి కొత్త సున్నం పెట్టెయ్ మేస్త్రీ" అని పోయాడు. కండక్టరు మాత్రం వర్షంలో తడుస్తూ ఇంటికి వచ్చాడు.

"గుంట ఉంచు అన్నయ్యా. నీ వేలితోనే మళ్లీ నొక్కు. ఆ వేలు లేకపోతే నా దగ్గర మిగిలేది ఫుట్‌బోర్డు జోకొక్కటే."

"చూద్దాం" అన్నాడు మేస్త్రీ. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఒక్కటే. తాపీ ఒకసారి అడ్డంగా లాగితే చాలు, ఆ రెండో ఆయన పీడ విరగడవుతుంది.

వానలు తెరిపి ఇచ్చాక పని పెట్టుకున్నాడు. పాత సున్నం గీకాడు. సందు కడిగి, తడి ఆరకముందే కొత్త సున్నం కూరాడు. తాపీతో లాగాడు. నున్నగా, పక్క రాళ్లతో కలిసిపోయింది. ఇక రాజూ లేడు, రాయీ లేదు. ఒళ్లు తేలిపోవాలి. తేలలేదు. మనిషిని పాతిపెట్టి మట్టి సర్దినట్టుంది.

కింద దారిలో అడుగుల చప్పుడైంది. వాన వెలిసిన ఎండ చురుక్కుమంటోంది. ఆమె క్యారేజీ ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ వస్తోంది. ‘అక్కడ పెట్టు’ అన్న మాట ఆయన నాలుక చివరికి దానంతటదే వచ్చేసింది. మింగాడు. దాని బదులు ఏమనాలి? నీడలోకి రా అంటే ఆ కథలోవాడి మాట అప్పు తెచ్చుకున్నట్టవుతుంది. అనకపోతే ఎప్పటి మేస్త్రీయే. మంచి మాటంతా ముందే వాడుకుని పోయాడు దుర్మార్గుడు.

గోనె సంచి ఒకటి నాలుగు మడతలు పెట్టి కమాను కింద, ఎండ తగలని వైపు, రాతి మీద వేశాడు. ఆమె వచ్చి సంచిని చూసింది, ఆయన్ని చూసింది, కూర్చుంది.

"చెయ్యి ఇలా తే" అన్నాడు.

"ఎందుకు?"

"ముందు తే. సున్నం బిగుసుకుంటోంది."

ఆమె బొటనవేలు పట్టుకుని తడి సున్నం మీద ఆనించాడు. "నొక్కు."

"నా వేలెందుకండీ? కట్టింది మీరు."

"అన్నం మోసింది నువ్వు. మాటలాపి నొక్కు. ఇంకొంచెం. అలా పక్కకి లాగకు, చెదిరిపోతుంది. ఆ, ఇప్పుడు తియ్యి."

చిన్న గుంట పడింది. వంకర లేదు, చీలిక లేదు. మధ్యలో సన్నగా సూది గుచ్చుకున్న మచ్చ తాలూకు చుక్క ఒకటి దిగింది. ఇద్దరూ ముఖాలు దగ్గర పెట్టి చూశారు. తరవాత ఆయన బకెట్టులో నీళ్లు ముంచి, సున్నం చర్మం తింటుందని ఆమె వేలు కడిగాడు. గోరు సందుల్లో సున్నమంతా పోయేదాకా కడిగాడు. పనిముట్లని తప్ప దేన్నీ ఆయన అంత శ్రద్ధగా కడగడం ఆమె చూడలేదు.

"మీదో?" అంది.

ఎదుటి గోడలో అదే ఎత్తులో ఇంకో సందు గీకి ఉంది. అందులోనూ సున్నం కూరి తన వేలు నొక్కాడు, వంకరతో సహా. రెండిటిమీదా తడి గోనె వేలాడదీసి, అప్పుడు భోజనానికి కూర్చున్నాడు. ఆమె కూడా అక్కడే, నీడలోనే కూర్చుంది.

దారి తెరిచిన ఆదివారం జనం విరగబడి వచ్చారు. కండక్టరు గుంపుని కమాను కిందకి తోసి, కథంతా చెప్పి, "ఇదిగో ఆ వేలు" అని చెయ్యి చాపి ఆగిపోయాడు. పెద్ద గుంట ఉండాల్సిన చోట చిన్న గుంట ఉంది. అవతల మెట్టు మీద వదిన, ఆవిడ పక్కన తన భార్య కూర్చుని ఉన్నారు. గోడ మీద అన్నయ్య తాపీ పట్టుకుని ఇటే చూస్తున్నాడు. కండక్టరుకి ఎదుటి గోడలో వంకర వేలి గుంట కనబడింది.

"అమ్మలారా, అయ్యలారా! ఇది ఆయన వేలు కాదు. ఇది ఆమెది! ఆయనది అదిగో, ఆ ఎదుటి గోడలో. ఇన్నాళ్లూ ఈ వేలిని గోడ తన కడుపులో దాచుకుంది. ఈ వానకి బయటపెట్టింది!"

ఇక చూడాలి ఆ తోపులాట. ముందు ఇద్దరు ఆడవాళ్లు వేలు పెట్టారు. వాళ్ల వెనక కాలేజీ కుర్రాళ్ల గుంపు ఒకటి. అందులో ఒకడు, జుట్టు నున్నగా దువ్వుకున్నవాడు, గుంటలో వేలు పెట్టి తీయడం లేదు. "ఎంత మెత్తగా ఉందిరా!" అంటున్నాడు. "జరగరా, నేనూ పెడతాను" అని వెనకవాడు. "ఆవిడ చాలా అందంగా ఉండేదేమో గైడుగారూ?" అని ఇంకొకడు. కండక్టరు నోరు తెరవబోయాడు.

సున్నం మేస్త్రీ గోడ దిగాడు. ఎలా దిగాడో ఆయనకే తెలియదు. గుంపుని చీల్చుకుంటూ వచ్చి కుర్రాడి ముందు నిలబడ్డాడు.

"తియ్యి వేలు."

"ఏం పెద్దాయనా?"

"ఇందులో ఆడవాళ్లే పెట్టాలి. మగవాళ్లు అటు పక్కది."

అన్నేళ్లు కొండమీద పనిచేసినా, వచ్చినవాళ్లతో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి. కమాను కింద గొంతు ఖంగుమంది. కుర్రాడు వేలు తీశాడు కానీ వదల్లేదు.

"ఎందుకండీ? ఏదైనా ఆచారమా?"

"ఆచారం కాదు. అది మా ఆవిడది."

కమాను దద్దరిల్లేలా జనం నవ్వారు. "పెద్దాయన భలే చెప్పాడు!" అని ఒకరు, "గైడు కంటే ఈయనే నయం" అని ఇంకొకరు. కండక్టరు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. మెట్టు మీద మరదలు అక్క భుజం మీద చరుస్తోంది. మేస్త్రీ భార్య ముఖం కొంగులో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఇంకేమిటో ఆయనకి అంత దూరంనుంచి తెలియలేదు.

మేస్త్రీ నవ్వలేదు. ఆ చిన్న గుంట పక్కనే గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు వస్తే పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. మగవాడెవడైనా ఆ ఛాయలకి వస్తే గడ్డంతో ఎదుటి గోడ చూపించాడు. ఆఖరి బస్సుకి వెళ్లాల్సినవాళ్లు కొండ దిగిపోయేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.